నాడె లేసు చరిత్ర

పల్నాడు అనగానే చదువరులకు మొదట స్ఫురించునది కత్తి. కారెంపూడి రణరంగము, నాగులేటి యొడ్డున వీరుల గుడి, మాచెర్ల చెన్నకేశవుని సన్నిధి, నాయకురాలి రాజనీతి, బ్రహ్మనాయుని చాపకూడు - ఇవన్నియు 12వ శతాబ్ది నుండి ఈ సీమ పేరుతో పెనవైచికొనిపోయిన మాటలు. శ్రీనాథునంతటి మహాకవి ఈ వీరగాథను ద్విపదలో చెప్పెను. కత్తికి ఇంత చరిత్ర కలదు. సూదికి మాత్రము లేదు.

19వ శతాబ్ది ఆరంభమున కర్నల్ కాలిన్ మెకంజీ గ్రామకరణముల కవిలెకట్టల నుండి సేకరింపించిన కైఫీయతులు తెలుగుపల్లెల చరిత్రకు పెన్నిధులు. వానిలో చెరువులు కలవు, దేవాలయములు కలవు, అగ్రహారములు, మాన్యములు, సరిహద్దు తగవులు కలవు. ఇంటి పంచలో కూర్చుండి ఆడువారు చేసిన చేతిపని మాత్రము వెదకినను దొరకుట అరుదు. శిస్తు రానిదానికి లెక్క లేదు. లెక్క లేనిదానికి చరిత్ర లేదు. అది కరణముల తప్పు కాదు, ఆ కాలపు దృష్టి అట్టిది.

అట్లు లెక్కకెక్కని పనులలో లేసు అల్లిక యొకటి. అందును కొక్కెపు సూదితో అల్లు క్రోషే లేసును తెలుగువారిలో ఎరుగనివారు లేరు; గోదావరి జిల్లాల వియ్యమందిన యిండ్లలో దిండు గలీబులకు, బల్లగుడ్డలకు, గుమ్మపు తెరలకు అది కనబడుచునే యుండును. దానికి చెల్లెలు వంటి మరియొక లేసు కలదు. దానిని ఆంగ్లేయులు టాటింగు అందురు. తెలుగున దానికి స్థిరమైన పేరు ఏర్పడలేదు. చిన్న నాడెతో చేయుదురు కావున నాడె లేసు అనుట అర్థవంతముగా నుండును. ఈ పనికి తెలుగునేలను మిషను బడులు గాని, వర్తకుల కొట్లు గాని, ప్రభుత్వ శిక్షణాలయములు గాని పేరు తేలేదు. నేడు దానిని నేర్వగోరు తెలుగువారికి గురువు సెల్‌ఫోను తెరపై నిమిషమో రెండు నిమిషములో నిలిచి మాయమగు చిన్న వీడియో. ఒక చేతిపని ఈ విధముగా పాకుట చరిత్రలో క్రొత్త సంగతి. దాని పూర్వోత్తరములను విచారించుట యుక్తము.

మొదట పని యెట్టిదో తెలియవలయును. సాలెవాని నాడెను పల్నాటి పెద్దలు చూచియే యుందురు. మగ్గములో ఇటునటు పరుగెత్తు ఆ నాడెను బొటనవ్రేలంత చేసినచో టాటింగు నాడె యగును. రెండు చిన్న పలకలు పడవ ఆకారమున ఒకదానిపై నొకటి బోర్లించినట్లుండి, నడుమ చిన్న దిమ్మెయు, దానికి చుట్టిన దారమును ఉండును. దంతముతో, కొమ్ముతో, తాబేటి చిప్పతో, వెండితో పూర్వము చేసెడివారు. నేడు ప్లాస్టికువి విరివిగా దొరకుచున్నవి. సూది లేదు, కొక్కెము లేదు, మగ్గము లేదు, చట్రము లేదు. ఎడమచేతి వ్రేళ్లకు దారమును వలయముగా చుట్టి, కుడిచేతి నాడెను ఆ దారము క్రిందుగా నొకమారు, మీదుగా నొకమారు పోనిచ్చి ముడి వేయుదురు. రెండు అరముడులు కలిసిన ఒక జంటముడి. లేసంతయు ఈ యొక్క ముడియే. ఆశ్చర్యమేమనగా, ఇది పల్లెవారు ప్రతిదినము చూచునదే: పలుపుత్రాటిని రాటకు తగిలించునపుడు పడు ముడియు ఇదియు ఒకటే జాతి. ఎద్దును కట్టిన ముడి సన్నని నూలుపై వరుసగా కూర్చుండినచో పూలరేకు ఐనది.

ముడికిని ముడికిని నడుమ కొంచెము దారము వదలి దగ్గరకు జరిపినచో చిన్న ఉచ్చు లేచును. దీనిని ఫ్రెంచివారు పికో అందురు. చీర కొన్నంతనే ఫాలు కుట్టించి పికో చేయించు ఇల్లాండ్రు ఆ మాటను దినదినమును పలుకుచున్నారు గాని, అది లేసుపనివారి భాషనుండి దర్జీకొట్టునకు వచ్చిన మాట యని తలంపరు. మాటలు కూడ దారములవలెనే ఎచ్చటి నుండియో వచ్చి మన చీరయంచున నిలుచును.

ఇంతవరకు సులభమే. చిక్కంతయు ఒక్క చిన్న కదలికలో నున్నది. నాడెను పోనిచ్చినప్పుడు ముడి మొదట నాడెదారముతోనే పడును. అట్లే బిగించినచో ఆ ముడి అచ్చటనే బిగుసుకొని పోవును, కదలదు. చేయవలసినదేమనగా, ఎడమచేతి నడిమివ్రేళ్లను కొంచెము వదులు చేసి, కుడిచేతి నాడెదారమును చురుకుగా సాచి లాగవలయును. లాగినతోడనే ముడి పల్టీకొట్టి ఆ దారము నుండి ఈ దారముపైకి దుముకును. అప్పుడు నాడెదారము లోపల సూటిగా నిలిచి, ఎడమచేతి దారము దానిపై ముడియగును. ఇట్లు దుమికిన ముడులే పూసలవలె జరుగును. చివరను నాడెదారమును లాగినచో అన్నియు దగ్గరకు చేరి గుండ్రని కన్నుగా మూసికొనును. దుమకని ముడి ఒక్కటి యున్నను వలయము మూసికొనదు. ఇక విప్పుటయు కష్టమే, తెంచుటయే గతి. నేర్చుకొనువారు మొదటి వారమున పారవేయు దారమంతయు ఈ యొక్క దుముకు నిమిత్తమే.

ఈ దుముకును మాటలలో చెప్పుట ఎంత కష్టమో పై పేరాను చదివినవారు గ్రహించియే యుందురు. టాటింగు చరిత్రలో సగభాగము ఈ కష్టము యొక్క చరిత్రయే.

ఐరోపాలో 18వ శతాబ్దిన రాచకుటుంబపు స్త్రీలు నాడెతో దారమునకు వరుసగా ముడులు వేయుట వినోదముగా చేయుచుండిరి. ఆ ముడుల త్రాటిని తరువాత గుడ్డపై కుట్టెడివారు. ఫ్రాన్సు రాజు 15వ లూయీ కుమార్తె అడెలాయిడ్ నాడె పట్టుకొని ముడులు వేయుచున్నట్లు నాటియే అను చిత్రకారుడు 1756లో చిత్రించిన పటము నేటికిని కలదు. అది ఇంకను లేసు కాదు. ఆ ముడిత్రాడు నుండి వలయములుగల లేసు 19వ శతాబ్ది పూర్వార్ధమున రూపొందినది. ఫ్రెంచివారు దీనిని ఫ్రివొలితే, అనగా పొద్దుపోని పని, అనిరి. ఇటలీవారు కన్నులనియు, ముచ్చట్లనియు అర్థము వచ్చు పేళ్లు పెట్టిరి. జర్మనులు చిన్నపడవ పని యనిరి. తురుష్కులు తమ నాడె పేరుతోనే పిలిచిరి. పని చేయుచు స్త్రీలు మాటలాడుకొందురు కావున ముచ్చట్లని యన్న ఇటలీవారి పేరు అన్నిటికంటె ముద్దైనది. ఫ్రెంచివారి పేరు మాత్రము పని చేయనివారు పెట్టినదని తోచుచున్నది.

మొదట వలయములను వేరువేరుగా చేసి సూదితో కుట్టి కలిపెడివారు. లండనులో చేతిపనుల పుస్తకములు ప్రకటించి మిక్కిలి పేరొందిన రియేగో ద లా బ్రాన్షార్దియేర్ అను నామె 1850లో టాటింగుపై ఒక పుస్తకము వెలువరించెను. మరుసటి యేడు, 1851లో, వలయమును వలయముతో పని నడుచుచుండగనే పికో గుండ నాడెతోనే కలుపు విధమును బోధించు చిన్న పుస్తకమొకటి వచ్చినది. నేటి టాటింగునకు ప్రాణమైన ఆ యుపాయమును లోకమునకు ముద్రణలో నందించిన ఆ పుస్తకముపై రచయిత పేరు లేదు. తరువాత 1886లో తెరేజ్ ద దిల్మాంట్ రచించిన చేతిపనుల విజ్ఞానసర్వస్వమున టాటింగునకు ఒక ప్రకరణము కేటాయింపబడి, చేతుల పటములతో వివరింపబడినది. ఆ పుస్తకము అనేక భాషలలోనికి పోయినది. ఐనను పటములోని చేయి కదలదు. ముడి దుమకక ముందొక పటము, దుమికిన తరువాత నొకటి వేయవచ్చును. దుముకును మాత్రము వేయజాలరు. అందుచేత గురువు ప్రక్కన కూర్చుండినచోటనే ఈ పని నిలిచినది; గురువు లేనిచోట పుస్తకమున్నను నిలువలేదు.

తెలుగునేలకు లేసు వచ్చిన దారి వేరు. దక్షిణదేశమున దీనికి మిషనరీ స్త్రీలు మూలకారణము. నాగర్‌కోయిలున మార్తా మాల్ట్ అను నామె 1820 ప్రాంతమున బాలికల బడి నెలకొల్పి లేసుపని నేర్పినది. ఆ లేసు అమ్మిన సొమ్ము బాలికల చదువునకును, బానిసత్వమున నున్నవారి విడుదలకును ఉపయోగపడినది. గోదావరి తీరమున నరసాపురమునకు ఇంగ్లండు నుండి బౌడెన్, బీర్ అను వారు 1836లో బయలుదేరి వచ్చి స్థిరపడిరి. ఆ ప్రాంతమున లేసు అల్లికను 1844 ప్రాంతమున మెక్రే అను స్కాట్లండు మిషనరీ దంపతులు నేర్పిరని ప్రతీతి. పల్నాటి వైపు చూచినచో, లూథరను మిషనుకు చెందిన హయ్యర్ దొర 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు వచ్చి కాపురముండెను. ఒకే కాలమున ఒకే విధమైన వారు ఇచ్చటికిని అచ్చటికిని వచ్చిరి. అచ్చట లేసు నాటుకొన్నది, ఇచ్చట నాటుకొనలేదు. కారణములు వెదకినచో, నరసాపురమునకు కాలువలును రేవును కలవు, డెల్టా వ్యవసాయము వలన మధ్యతరగతి కుటుంబముల స్త్రీలు పొలమునకు పోక యింటిపట్టున నుండు ఆచారము బలపడినది. పల్నాడు మెట్టసీమ. నాగార్జునసాగరు కాలువ రాకమునుపు జొన్నచేనికి, ప్రత్తిచేనికి ఇంటిల్లిపాదియు పోవలసినదే. చేలో ప్రత్తి తీయు చేతికి నాడె పట్టు తీరిక ఎక్కడిది?

నరసాపురపు కథను కొంత విస్తరింపక తప్పదు, ఏలయన నాడె లేసు నేర్చు నేటి స్త్రీల ముందున్న ప్రశ్నలన్నియు అచ్చట ముందే పుట్టినవి. 20వ శతాబ్ది ఆరంభము నాటికి అచ్చటి లేసు ఎగుమతి సరుకైనది. వర్తకుడు నూలుండలు ఇచ్చును, మధ్యవర్తి ఇండ్లకు చేర్చును, స్త్రీలు అల్లుదురు, మధ్యవర్తి తిరిగి తెచ్చును. పనిని ముక్కలు చేసిరి: ఒకరు పూవు అల్లుదురు, మరియొకరు పూవులను చేర్చు అతుకుపని చేయుదురు. పూవు అల్లినామెకు పూర్తియైన దుప్పటి ఎట్లుండునో తెలియదు, అది ఏ దేశమున ఎంతకు అమ్ముడగునో అసలే తెలియదు. మొదట క్రైస్తవులైన దళిత స్త్రీలు నేర్చిన ఈ పని క్రమముగా కాపు కుటుంబముల గోషా స్త్రీల చేతికి వచ్చినది. జర్మనుదేశపు సాంఘికశాస్త్రవేత్త మరియా మీస్ 1978-79లో నరసాపురమున నుండి వీరి జీవితమును పరిశీలించి, 1982లో లండనునుండి ఒక గ్రంథము ప్రకటించెను. దినమునకు ఆరేడు గంటలు అల్లినను నాడు వారికి దక్కినది ఇంచుమించు అర్ధరూపాయి. లక్షమందికి పైబడిన స్త్రీల పనితో నడచు ఈ పరిశ్రమలో, జనాభా లెక్కలలో మాత్రము వారు పని చేయువారుగా నమోదు కాలేదు. ఇంటియందుండు ఇల్లాండ్రుగానే వ్రాయబడిరి. కైఫీయతు కాలపు దృష్టి నూటయేబదియేండ్ల పైచిలుకు గడచినను మారలేదన్నమాట. 2024లో నరసాపురము క్రోషే లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. పేరునకు రక్షణ కలిగినది. అల్లు చేతికి కూలి ఎంత అనునది మాత్రము వేరు ప్రశ్న.

ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. ముక్కలుగా విడదీసిన పనిలో, మొత్తము పనిని ఎరిగినవాడే యజమాని. నమూనా వర్తకుని పెట్టెలో నుండును. ఒక చేతిపనిని మొదటి ముడి నుండి చివరి యంచు వరకు ఎవరికైనను, ఎచ్చటనైనను, రుసుము లేకుండ చూపుట యనగా ఆ పెట్టె మూత తీయుటయే. నాడె లేసు వీడియోలకు గల చారిత్రకమైన విలువ ఇందున్నది.

యూట్యూబు 2005లో ఆరంభమైనది. ఐదారేండ్లలో అమెరికా, జపాను, తుర్కీ, ఇటలీ మొదలగు దేశముల నాడెపనివారు తమ చేతులను అందు చూపనారంభించిరి. భారతదేశపు పల్లెలకు అది నిజముగా చేరినది 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఫోను ద్వారా బొమ్మలు చూచుట చౌకయైన పిమ్మటనే. 2020 జూను 29న ప్రభుత్వము టిక్‌టాకుతో సహా 59 చైనా యాపులను నిషేధించినది. ఆ ఖాళీని పూరింప ఆ యేటనే జూలైలో ఇన్‌స్టాగ్రాము రీల్సు, సెప్టెంబరులో యూట్యూబు షార్ట్సు భారతదేశమున వెలసినవి. పూర్వము షార్ట్సునకు హద్దు 60 సెకండ్లు. 2024 అక్టోబరులో 3 నిమిషములకు పెంచబడినది.

తెలుగు పల్లె చేతులు ఈ తెరకు పనికిరావని తలంచువారికి మస్తానమ్మ గారి ఉదాహరణము చాలును. తెనాలి ప్రాంతపు గుడివాడలో పూరింట నుండి, పొలముగట్టున కట్టెలపొయ్యిపై వంట చేయు నూరేండ్లు దాటిన ఆ వృద్ధురాలిని, ఆమె మునిమనుమడును అతని మిత్రుడును 2016 నుండి వీడియోలుగా తీసి లోకమునకు చూపిరి. 2018లో ఆమె గతించునాటికి ఆ వంటలను చూచినవారు దేశదేశములలో నుండిరి. ఆమెకు ఆంగ్లము రాదు, చూచువారిలో పెక్కురకు తెలుగు రాదు. చేయి చాలినది.

నాడె లేసునకు చేయి మరింత చాలును. నాలుగు వందల పుటల పుస్తకము చెప్పజాలని ఆ దుముకును ఇరువది సెకండ్ల వీడియో చూపగలదు. చూపుటయే గాక, మరల మరల చూపును, నెమ్మదిగా చూపుమన్న నెమ్మదిగా చూపును, ఎన్నిమారులడిగినను విసుగుకొనదు. కెమెరాను పనిచేయువారి భుజము మీదుగా నిలిపినచో, ఎదుట కూర్చుండిన గురువునకు గూడ లేని సౌకర్యమొకటి కలుగును: ఎదుటి గురువు కుడిచేయి శిష్యురాలికి ఎడమవైపున కనబడును, భుజము మీది కెమెరాలో చేయి తన చేయిగానే కనబడును. స్టీలు గ్లాసుకు ఫోనును ఆనించి, నాడె పట్టుకొని, ఆపుచు నడుపుచు నేర్చుకొనుట నేటి ఇండ్లలో వింత కాదు.

నన్నయగారి భారతము చదివినవారికి ఇచ్చట ఏకలవ్యుడు తలపునకు రాక మానడు. ద్రోణుడు విద్య చెప్పననగా అతడు మట్టితో గురువు బొమ్మను చేసికొని, దాని యెదుట నభ్యసించి, అర్జునుని మించినవాడయ్యెను. మట్టిబొమ్మ అతని తప్పు దిద్దలేదు, లక్ష్యమే దిద్దినది. వీడియోయు మట్టిబొమ్మ వంటిదే. శిష్యురాలి వ్రేలు ఎచ్చట తప్పినదో అది చూడదు. కాని ఈ పనిలో దారమే దిద్దును: ముడి దుమికినచో వలయము మూసికొనును, లేనిచో మూసికొనదు. దాక్షిణ్యము లేని పరీక్షాధికారి దారము. క్రోషేలో తప్పు పడినను పని సాగుచునే పోయి కొంతదూరమున వంకర కనబడును. నాడెపనిలో మొదటి వలయముననే తీర్పు వెలువడును. దూరపు గురువుతో నేర్చుటకు ఈ పని అనువైనదగుటకు ఇదియొక కారణము. గురుదక్షిణ సంగతి మాత్రము వేరు. ఏకలవ్యుడు బొటనవ్రేలు నిచ్చెను. ఇచ్చట బొటనవ్రేలు తెరపై తిరుగుచున్నంతసేపు దాని దక్షిణ వీడియో చేసిన స్త్రీకంటె ముందుగా వేదికను నడుపు సంస్థకు ముట్టుచున్నది.

చిన్న వీడియోలోని లోపమును గూడ దాచరాదు. అరువది సెకండ్లలో ఇమిడించుటకై పనిని వేగముగా త్రిప్పి చూపుదురు. ముడి తప్పిన చోటు, దారము తెంచిన చోటు తీసివేయుదురు. నేర్వదలచినవారికి కావలసినది ఆ తప్పిన చోటే. అంతకంటె పెద్ద చిక్కు కాలపు లెక్కలో నున్నది. ఒక చేతిరుమాలును తీసికొందము. ప్రక్కకు 10 అంగుళముల చొప్పున నాలుగు ప్రక్కలు 40 అంగుళములు. అర అంగుళమునకొక వలయము చొప్పున 80 వలయములు. వలయమునకు 12 జంటముడులనగా 960 జంటముడులు, 1,920 అరముడులు. చేయి తిరిగినామె నిమిషమునకు 12 జంటముడులు వేయుననుకొన్నను 80 నిమిషములు పట్టును. కలుపులు, కొసలు దాచుట, నాడెకు మరల దారము చుట్టుట ఇందు చేరలేదు. గంటన్నర పైబడిన ఈ శ్రమను వీడియో ఒక నిమిషమున చూపును. చూచినవాడు ఇది నిమిషపు పని యనుకొనును, కొనునప్పుడు నిమిషపు ధరయే ఇయ్యజూచును. వర్తకుని పెట్టెను తెరచిన వీడియోయే గిరాకీదారుని కంట శ్రమను మరుగుపరచుచున్నది. అందుచేత వివేకముగల కొందరు పూర్తియైన లేసు ప్రక్కన పట్టిన గంటలను గూడ వ్రాసి చూపుచున్నారు. ఇది మంచి యాచారము. పద్దు లేని పని బాకీ పడుట నరసాపురమున చూచినదే.

మరియొక పోలిక చరిత్ర చదువువారికి గోచరించును. నాడెపని వీడియోలలో పెక్కింట ముఖము కనబడదు. రెండు చేతులు, గాజులు, ఒడిలోని చీరకుచ్చెళ్లు మాత్రమే కనబడును. తెలుగు పల్లెలలో ఇది మర్యాదకొరకును, లేనిపోని వ్యాఖ్యల బాధ తప్పించుకొనుటకొరకును జరుగుచున్నది. నాడు నరసాపురపు గోషాలో ముఖమును చేయియు రెండును మరుగున నుండి లేసు మాత్రము సముద్రములు దాటినది. నేడు చేయి బయటికి వచ్చినది. ఆమె పేరు రావలసియున్నది. 1851 నాటి పుస్తకముపై పేరు లేకపోవుటకును, నేటి వీడియోపై పేరునకు మారుగా ఏదో పూలపేరు ఉండుటకును నడుమ గడచినది 170 ఏండ్లకు పైమాట.

నిలుకడ సంగతి గూడ ఆలోచింపవలసినదే. తాటాకు మూడు నాలుగు వందలయేండ్లు నిలిచినది. దిల్మాంట్ పుస్తకము 1886 నుండి నేటివరకు మరల మరల ముద్రణ పొందుచున్నది. టిక్‌టాకున తెలుగువారు పెట్టిన పాటలు, పనులు, వంటలు, అల్లికలు 2020లో ఒక్కరాత్రిలో ఈ దేశపువారి కంటికి కానరాకుండ పోయినవి. నిషేధము తగునా తగదా యనునది వేరు విచారణ. వాని ప్రతులను దాచిన గ్రంథాలయము మాత్రము ఎచ్చటను లేకపోయినది. పూర్వము గ్రంథాలయోద్యమమువారు పుస్తకము నొద్దకు పాఠకుడు రాలేనిచోట పాఠకుని యొద్దకే పుస్తకమును పంపిరి. ఈ గుంటూరు సీమలోనే 1935లో పాతూరి నాగభూషణము గారి పూనికతో పెదవడ్లపూడి నుండి కొల్లూరు వరకు కాలువపై పుస్తకములతో పడవ నడచినది. గట్టున నిలిచి పుస్తకము తీసికొన్నవారిలో ఇల్లు కదలని స్త్రీల కొరకు తీసికొనిపోయినవారును ఉండియుందురు. జర్మనులు నాడెను చిన్నపడవ యనిరని పైన చెప్పబడినది. పడవ గ్రంథాలయముగల దేశమున చిన్నపడవ పాఠములను ఒక పెట్టెలో భద్రపరచి, అడిగినవారికి చూపుట గ్రంథాలయములకు తలకు మించిన పని కాదు. వీడియో చేసినామె అనుమతితో, ఆమె పేరుతో, తేదీతో, పట్టిన దారము నంబరుతో దాచవలయును. శాసనమునకు శకసంవత్సర మెట్టిదో దీనికి తేదీ యట్టిది.

దారము మాటకు వచ్చినచో పల్నాటికి ఇందు సొంత హక్కు కలదు. నల్లరేగడిలో పండు ప్రత్తి ఈ సీమ సొత్తు. 2022 ఏప్రిలు 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో చిలకలూరిపేట, గణపవరము ప్రాంతముల నూలుమిల్లులు పేరొందినవి. నాడె లేసునకు కావలసినది గట్టిగా పురిపెట్టిన, నునుపు చేసిన నూలుదారము. మెత్తని పురిదారమైనచో ముడి దుమకదు, నూగు లేచి చిక్కుపడును. పట్టణపు కొట్లలో దొరకు క్రోషే దారపుండలే దీనికి చాలును. నాడె కొనలేనివారు గట్టి అట్టముక్కను వ్రేలెడు పొడవున కత్తిరించి, రెండు కొసలను చీల్చి, దారము చుట్టి మొదటి పాఠములు చేయవచ్చును. పెట్టుబడి ఇంతకంటె తక్కువైన చేతిపని వేరొకటి చెప్పుట కష్టము. అమ్మకము కంటె ముందు ఇంటి రవికచేతికి, పసిబిడ్డ టోపీకి ఒక యంచు దిగినను పని వృథా కాదు.

చివరగా ఈ లేసునకే చెందిన గుణమొకటి చెప్పవలసియున్నది. బట్టను చింపి చూచినను నేతగాని చేయి ఎట్లు ఆడినదో సామాన్యునకు తెలియదు. నాడె లేసు ముక్క యట్లు కాదు. ముడిముడియు విడివిడిగా పైకి కనబడును. వలయమునకు ఎన్ని జంటముడులు, ఎన్నవ ముడి తరువాత పికో, ఏ పికోలో ఏ వలయము కలిసినది, అన్నియు భూతద్దముతో లెక్కించి కాగితముపై వ్రాసికొనవచ్చును. నూరేండ్ల నాటి అంచు చిరిగిన రుమాలు పెట్టె యడుగున దొరకినను, ఆ చేసినామె పేరు తెలియకపోయినను, ఆ లెక్క చూచి అదే అంచును మరల అల్లుచున్నవారు ఎన్నో దేశములలో నున్నారు. మొదటి జంటముడి దుముకును ఒక్కమారు ఎవరైనను చూపినచో చాలును. తక్కినదంతయు ఆ గుడ్డయంచుననే వ్రాసియున్నది.